రంగుల నుండి నలుపు–తెలుపులకు: ఒక విమర్శ

ఈ దినములలో ఫోటో తీయుట ఎంత సులభమైనదో, ఆ ఫోటోలోని రంగులను పోగొట్టి నలుపు–తెలుపు బొమ్మగా చేయుట అంతకంటె సులభమైనది. ఫోటోలను సవరించు సాఫ్ట్‌వేరులో ఒక మీట నొక్కినచో చాలును. రంగులు మాయమై బూడిద ఛాయలు మిగులును. "రంగు పోయినది, బొమ్మ నిలిచినది" అని మనము తృప్తిపడుదుము. ఈ తృప్తికి శాస్త్రరీత్యా ఆధారమున్నదా అని పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

నా అభిప్రాయమును ముందుగనే చెప్పుదును. బట్టకు అంటిన మరకవలె రంగు బొమ్మపై విడిగా అంటుకొని యుండదు. దానిని ఉతికి తీసివేయుటకు వీలులేదు. మనము చేయునది రంగును వెలుగులోనికి అనువదించుట. ప్రతి అనువాదమునకు అనువాదకుడొకడుండును. మీట నొక్కి ఊరకున్నచో ఆ అనువాదకుడు సాఫ్ట్‌వేరును వ్రాసిన ముక్కు మొగము తెలియని వ్యక్తి యగును. బొమ్మ క్రింద పేరు మాత్రము మనదై యుండును. ఇది సరికాదని నా వాదము.

మందారపువ్వు లెక్క

కంప్యూటరు తెరపై కనబడు రంగుల బొమ్మ లక్షలకొలది బిందువుల సముదాయము. ప్రతి బిందువునకు మూడు సంఖ్యలుండును: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలము ఎంత అనునవి. సాధారణముగా ఒక్కొక్కటి 0 మొదలు 255 వరకు ఉండును. నలుపు–తెలుపు బొమ్మలో బిందువునకు ఒకే సంఖ్య. కావున మార్పిడి యనగా మూడు సంఖ్యల స్థానమున ఒక సంఖ్యను నిలుపుట. ఏ సంఖ్యను నిలుపవలెను?

ఒక మందారపుచెట్టును ఫోటో తీసితిమనుకొందము. పువ్వు మీది ఒక బిందువునకు ఎరుపు 200, ఆకుపచ్చ 30, నీలము 40 అనియు, ప్రక్కనున్న ఆకు మీది బిందువునకు ఎరుపు 60, ఆకుపచ్చ 110, నీలము 50 అనియు ఉన్నవనుకొందము. విద్యార్థులు కాగితము, పెన్సిలు తీసికొని ఈ క్రింది లెక్కలను స్వయముగా వేసి చూడవచ్చును.

మొదటి పద్ధతి మూడు సంఖ్యల సగటు. పువ్వుకు 90, ఆకుకు సుమారు 73 వచ్చును. రెండవది, మూడింటిలో పెద్దదానిని చిన్నదానిని కూడి సగము చేయుట. పువ్వుకు 115, ఆకుకు 80. మూడవది ఎరుపునకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలమునకు 0.114 చొప్పున బరువులిచ్చి కూడుట. పువ్వుకు 82, ఆకుకు 88. ఇక ఎరుపు సంఖ్యను మాత్రమే ఉంచుకొని మిగిలినవి విడిచినచో పువ్వు 200, ఆకు 60. ఆకుపచ్చను మాత్రమే ఉంచుకొన్నచో పువ్వు 30, ఆకు 110.

ఫలితమును చూడుడు. ఒక లెక్కలో పువ్వు ఆకుకంటె ఎంతో తెల్లనైనది. మరియొక లెక్కలో పువ్వు దాదాపు నల్లబడి ఆకులు వెలుగుచున్నవి. ఇంకొక దానిలో రెండును ఒకే బూడిదలో కలిసిపోయినవి. చెట్టు ఒకటే, ఎండ ఒకటే, ఫోటో ఒకటే. "రంగు తీసిన బొమ్మ" అని ఏకవచనమున చెప్పుటయే పొరపాటని దీనివలన తేలుచున్నది. ఒక రంగుల ఫోటోలో నలుపు–తెలుపు ఫోటోలు లెక్కలేనన్ని గలవు.

ఏ లెక్క సరియైనది?

వీనిలో రెండవ పద్ధతిని గట్టిగా విమర్శింపవలసి యున్నది. ఫోటోషాప్‌లో "డీశాచురేట్" అను ఆదేశము చేయునది ఇదే. ఈ పద్ధతిలో శుద్ధమైన ఎరుపు, శుద్ధమైన ఆకుపచ్చ, శుద్ధమైన నీలము మూడును ఒకే బూడిద రంగగును. అంతేకాదు, శుద్ధమైన పసుపు కూడ ఆ బూడిదయే యగును. బంతిపువ్వు పసుపు, సిరా నీలము ఒకే వెలుగు గలవని ఏ కన్నైనను ఒప్పుకొనునా? లెక్క వేయుట సులభమన్న సౌకర్యము తప్ప ఈ పద్ధతికి వేరు ఆధారము కనబడదు. చేతికి ముందుగా తగులు మీట ఇదియే యగుట విచారకరము.

మూడవ పద్ధతికి ఆధారమున్నది. మన కంటికి అన్ని రంగులును సమానము కావు. పగటి వెలుగులో మన కన్ను 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము దగ్గర, అనగా పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర, ఎక్కువ చురుకుగా నుండును. ఎరుపు వైపునకును నీలము వైపునకును పోయినకొలది ఆ చురుకు తగ్గును. 1953లో అమెరికాలో రంగుల టెలివిజనుకు ప్రమాణము నిర్ణయించినపుడు, అప్పటికే ఇండ్లలో నున్న నలుపు–తెలుపు పెట్టెలలో కూడ ఆ ప్రసారము సరిగా కనబడవలెనని నూటికి ఎరుపు 30, ఆకుపచ్చ 59, నీలము 11 పాళ్లుగా కలిపిరి. నేటి సాఫ్ట్‌వేరులోని 0.299, 0.587, 0.114 అనునవి ఆ లెక్కకు వారసులు. తరువాత వచ్చిన హై డెఫినిషన్ టెలివిజను ప్రమాణములో ఈ పాళ్లు సుమారు 21, 72, 7 అయినవి. తెరలో వాడు మూలరంగులు మారుటచే పాళ్లును మారినవి.

ఇక్కడ ఒక సూక్ష్మము గలదు. కెమెరా లోపలి సెన్సారు తనపై పడిన వెలుగుకు అనుపాతముగా సంఖ్య నిచ్చును. తెరకు పంపు బొమ్మలో సంఖ్యలు ఆ అనుపాతమున ఉండవు. చీకటి ఛాయలకు ఎక్కువ మెట్లు దక్కునట్లు వానిని ఒక వక్రరేఖ ననుసరించి మార్చుదురు. నిజమైన వెలుగును లెక్కింపవలెనన్న ముందు ఆ వక్రతను విప్పి, తరువాత బరువులిచ్చి కూడి, మరల మడువవలెను. కొత్త పాళ్లతో ఇట్లు చేసినచో మన మందారపువ్వుకు సుమారు 102, ఆకుకు 98 వచ్చును. అనగా మూడవ పద్ధతిలో ఆకుకంటె కొంచెము నల్లగా నున్న పువ్వు ఇపుడు ఆకుకంటె కొంచెము తెల్లనైనది! రెండు లెక్కలును "కంటి ననుసరించినవి" అనియే చెప్పుకొనును.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి యున్నది. ఈ రెండు లెక్కలలోను పువ్వు ఆకులలో కలిసిపోయినది. లెక్కలో తప్పు లేదు. మన కంటికి ఆ పువ్వును ఆకును వేరుచేయునది వెలుగు కాదు, రంగు. రంగును పరిహరించి వెలుగును మాత్రము నిష్ఠగా కాపాడినచో వాని భేదము పోవలసినదే. అయితే చెట్టు ముందు నిలిచినవాడు చూచిన దేమి? పచ్చని ఆకుల నడుమ మండుచున్న పువ్వును చూచెను. వెలుగుకు విధేయమైన బొమ్మ ఆ అనుభవమునకు ద్రోహము చేసినది. భేదమునకు విధేయమైన బొమ్మ వెలుగు విషయమున అబద్ధమాడక తప్పదు. ఈ రెండు విధేయతలలో ఏది కావలెనో ఏ సూత్రమును చెప్పజాలదు; బొమ్మ ఎందుకు తీసితిమో ఎరిగినవాడే చెప్పవలెను. మీటకు ఆ సంగతి తెలియదు.

ఫలకముల నాటి పాఠము

నలుపు–తెలుపు ఫోటో తటస్థమైన సాక్షి యని నమ్మువారు పాత ఫోటోల చరిత్రను ఒకసారి చూడవలెను. తొలి ఫలకములకు నీలము, ఊదా రంగుల కాంతి మాత్రమే తెలియును. ఎరుపు వానికి చీకటి. అందుచే ఆకాశము తెల్లని కాగితమువలె వచ్చెడిది. ఎర్రని వస్తువులు నల్లబడెడివి. 1873లో జర్మనీలో హెర్మన్ ఫోగెల్ అను రసాయనశాస్త్రవేత్త ఫలకపు పూతకు కొన్ని రంజనములను కలిపినచో అది ఆకుపచ్చ, పసుపు కాంతులకును స్పందించునని కనుగొనెను. అన్ని రంగులకు స్పందించు పాంక్రొమాటిక్ ఫలకములను 1906లో ఇంగ్లండులోని రాటెన్ అండ్ వెయిన్‌రైట్ సంస్థ విక్రయించెను. హైదరాబాదులో ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ 1905లోనే మరణించెను. ఆయన నాటి భవనముల వెనుక ఆకాశము తెల్లగా, శూన్యముగా కనబడినచో, ఆ దినమున మబ్బు లేదని మనము నిర్ణయింపరాదు; ఫలకమునకు నీలాకాశము అట్లు కనబడెనని అర్థము చేసికొనవలెను.

అన్ని రంగులు తెలిసిన ఫలకము వచ్చిన తరువాత ఎన్నిక మనుష్యుని చేతికి వచ్చినది. 1927 ఏప్రిల్ 10న అమెరికాలోని యోసెమిటీ లోయలో ఆన్సెల్ ఆడమ్స్ "హాఫ్ డోమ్" అను మహాశిలను ఫోటో తీసెను. మొదట కటకమునకు పసుపు ఫిల్టరును తొడిగి తీసెను. ఆకాశము తాననుకొన్నంత గంభీరముగా రాదని తోచి, మిగిలియున్న చివరి ఫలకముపై ముదురు ఎరుపు ఫిల్టరుతో మరల తీసెను. ఎర్రని గాజు నీలాకాశపు కాంతిని అడ్డగించుటచే ఆకాశము దాదాపు నల్లబడినది. శిల దాని ముందు వెలుగుచు నిలిచినది. ఆ బొమ్మ ప్రసిద్ధికెక్కినది. అందలి ఆకాశము "నిజము" కాదు. కాని ఆడమ్స్ తాను చేయుచున్నదేమో ఎరిగి చేసెను. ఏ గాజును వాడెనో దాచలేదు. నేను మెచ్చునది ఈ నిజాయితీనే. నాటివారికి ఎన్నిక ముందే జరుగవలెను. తప్పినచో ఒక ఫలకము వ్యర్థమగును. నేడు ఎన్నిక ఇంటికి వచ్చిన తరువాత, ఖర్చు లేకుండ, ఎన్నిసార్లయినను చేయవచ్చును. ఇంత సౌకర్యము కలిగిన కాలముననే ఎన్నుకొనుట మానివేయుట వింతగా నున్నది.

రా ఫైలు ఇచ్చు అవకాశము

ఎన్నుకొనుటకు సరియైన ముడిసరుకు "రా" ఫైలు. డిజిటల్ కెమెరా సెన్సారుకు స్వతస్సిద్ధముగా రంగు తెలియదు. పడిన కాంతి పరిమాణమునే అది కొలుచును. అందుచే దాని బిందువులపై ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగుల అతి చిన్న ఫిల్టరులను చదరంగపు గళ్లవలె పరచుదురు. ఈ అమరికకు 1976లో పేటెంటు పొందిన కొడాక్ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్ పేరు పెట్టిరి. నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలము. కన్ను ఆకుపచ్చ దగ్గర చురుకైనదగుటయే ఈ పంపకమునకు కారణము. ప్రతి బిందువున కొలిచినది ఒక రంగునే; మిగిలిన రెండును ఇరుగుపొరుగు బిందువులను చూచి సాఫ్ట్‌వేరు ఊహించును. కావున "రా ఫైలే అసలు సత్యము" అని కొందరు చేయు వాదము కూడ అతిశయోక్తి. అది ఇంకను బొమ్మ కాని కొలతల పట్టిక.

అయినను ఆ పట్టిక విలువ గొప్పది. జెపెగ్ బొమ్మలో ఒక్కొక్క రంగునకు 256 మెట్లు మాత్రమే యుండగా, రా ఫైలులో 12 బిట్లయినచో 4096, 14 బిట్లయినచో 16384 మెట్లు ఉండును. ఒక రంగును బాగుగ వెలిగించి మరియొకదానిని బాగుగ చీకటి చేయునపుడు మెట్లు చాలని బొమ్మలో ఆకాశము చారలు చారలుగా విరుగును. రా ఫైలు ఆ ఒత్తిడిని చాలవరకు ఓర్చుకొనును. మరియొక సంగతి: కెమెరాలోనే నలుపు–తెలుపు అమరిక పెట్టి తీసినచో, జెపెగ్‌లో రంగు శాశ్వతముగా పోవును, రా ఫైలులో మాత్రము రంగుల కొలతలన్నియు నిలిచియుండును. తెరపై నలుపు–తెలుపులు చూచుచు కూర్పును దిద్దుకొని, ఎన్నికను తరువాతకు ఉంచుకొనదలచిన వారికి ఇది మంచి మార్గము.

స్లయిడరుల గుణదోషములు

2007లో వచ్చిన లైట్‌రూమ్ సాఫ్ట్‌వేరులో ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ మొదలుగా ఎనిమిది రంగులకు ఎనిమిది స్లయిడరులు గలవు. ఒక్కొక్క రంగు ఎంత వెలుగుగా మారవలెనో విడివిడిగా నిర్ణయింపవచ్చును. అదే సంవత్సరము ఫోటోషాప్‌లోనికి ఆరు రంగుల పద్ధతి వచ్చినది. ధర లేకుండ లభించు డార్క్‌టేబుల్, రాథెరపీ సాఫ్ట్‌వేరులలోను రంగుల పాళ్లను మార్చు సాధనములున్నవి. మందారపువ్వును వెలిగింపవలెనా? ఎరుపు స్లయిడరును కుడికి జరుపుడు. ఈ పద్ధతిలో నాకు నచ్చిన గుణమిది: ఎన్నిక కంటి ఎదుట నుండును, చేసినవాడు "నాకు తెలియదు" అనుటకు వీలులేదు.

దోషములును గలవు. స్లయిడరు పక్కన కనబడు సాఫీతనము బొమ్మలో ఉండదు. నీలమును బాగుగ చీకటి చేసినచో ఆకాశమున ఇసుక చల్లినట్లు గరుకుతనము లేచును. చెట్ల కొమ్మల అంచున తెల్లని గీత తేలును. నీలపు కొలతలలో సహజముగనే గజిబిజి ఎక్కువ. ఒక బిందువు నీలమా కాదా యని సాఫ్ట్‌వేరు తడబడిన చోటనెల్ల ఆ తడబాటు వెలుగుగా మారి కనబడును. ఆకాశమును నల్లగా చేయవలెనను ఉత్సాహములో అనేకులు ఈ లోపమును గమనింపరు.

రెండవ దోషము పేరులో ఉన్నది. కొన్ని సాఫ్ట్‌వేరులలో "ఎరుపు ఫిల్టరు" అను పేరుతో సిద్ధముగా నున్న అమరికలు కనబడును. అది గాజు ఫిల్టరుతో సమానము కాదు. సోడియం దీపపు పసుపు కాంతి 589 నానోమీటర్ల దగ్గరి కాంతి మాత్రమే. టెలివిజను తెర మీది పసుపు ఎరుపు, ఆకుపచ్చ కాంతుల మిశ్రమము. కెమెరాకు ఈ రెండును ఇంచుమించు ఒకే మూడు సంఖ్యలను ఈయవచ్చును. కటకము ముందు ముదురు ఎర్రని గాజును పెట్టినచో సోడియం కాంతి చాలవరకు ఆగిపోవును, తెర కాంతిలోని ఎరుపు లోనికి వచ్చును. రెండును వేరుపడును. స్లయిడరు వీనిని ఎన్నటికిని వేరుచేయలేదు. ఒకసారి మూడు సంఖ్యలుగా కుదించిన పిమ్మట వర్ణపటము తిరిగి రాదు. సాఫ్ట్‌వేరు చేయునది ఉపయోగకరమే, కాని దానిని ఫిల్టరనుట తప్పుడు పేరు.

ఈ చిక్కులన్నియు వద్దని 2012లో లైకా సంస్థ రంగు గళ్లు లేని సెన్సారుతో ఎం మోనోక్రోమ్ అను కెమెరాను విడుదల చేసెను. ఊహ లేదు కనుక వివరము స్పష్టముగా వచ్చును. కాని ఎన్నిక మరల ఫలకముల కాలమునకు పోయినది. గాజు ఫిల్టరును ముందే తొడుగవలెను. దీనివలనను తెలియునదేమనగా, ఎన్నిక నుండి తప్పించుకొను యంత్రము లేదు; ఎప్పుడు ఎన్నుకొనవలెననునదే భేదము.

మేనిచాయ ప్రశ్న

ఈ విషయమున మన దేశమునకు దగ్గరి సంబంధము గల చోటు ఒకటి యున్నది. మనుష్యుల చర్మము ఎరుపు కాంతిని ఎక్కువగను, నీలపు కాంతిని తక్కువగను పరావర్తనము చేయును. చర్మములోని మెలనిన్ పొట్టి తరంగములను ఎక్కువగా పీల్చుకొనుటయు దీనికొక కారణము. సాఫ్ట్‌వేరు దృష్టిలో మన మేనిచాయలలో ఎక్కువ భాగము నారింజ రంగు క్రిందికి వచ్చును. నారింజ స్లయిడరును కుడికి జరిపినచో ముఖము తెల్లబడును, మచ్చలు మాయమగును. ఎడమకు జరిపినచో ప్రతి మచ్చయు, ప్రతి ముడుతయు ముదురును.

"నలుపు–తెలుపులో ముఖము ఎంత కళగా వచ్చినదో!" అని మెచ్చుకొనుచు చాలమంది చేయునది ఈ కుడివైపు జరుపుటయే. రంగుల ఫోటోలో ముఖమునకు సున్నము కొట్టినచో చూచినవారు నవ్వుదురు. నలుపు–తెలుపులో అదే పని చేసినచో కళయని మెచ్చుదురు. పోల్చి చూచుటకు రంగు లేదు కదా. చామనచాయ గల బాలికను ఆమెది కాని తెలుపులో చూపి, ఇదే అందమని ఆమెకే ఇచ్చుట విజ్ఞానమును కాదు, కళయును కాదు. దానికి విరుద్ధముగా, పల్లెటూరి వృద్ధుల ముఖములను ఎడమకు జరిపి, ముడుతలను కత్తితో చెక్కినట్లు చేసి "జీవితసత్యము" అని ప్రదర్శించుటయు అట్టిదే. రెండింటిలోను చెప్పినది ఆ మనుష్యుని గూర్చి కాదు, మన అభిరుచిని గూర్చి. ముఖముల విషయమున వెలుగుకు విధేయమైన లెక్కతో మొదలుపెట్టి, దాని నుండి స్వల్పముగా మాత్రమే కదలుట మర్యాద యని నా అభిప్రాయము.

తరగతి గదిలో

ఉపాధ్యాయులకు ఇది నిత్యము ఎదురగు సమస్య. రంగులలో గీచిన పటమును, తీసిన ఫోటోను నలుపు–తెలుపు యంత్రముపై అచ్చువేసి విద్యార్థులకు పంచుచుందురు. ఎర్ర లిట్మసు, నీలి లిట్మసు ఒకే బూడిదగా వచ్చి, "రంగు మారినది చూడుము" అను వాక్యము మాత్రము ప్రక్కన నిలిచినచో, ఆ పటము బోధింపదు. విద్యార్థిని తన కంటినే అనుమానించునట్లు చేయును. ఇట్టి పటములలో భేదమునకు విధేయత ముఖ్యము. అచ్చునకు ముందు పాళ్లను మార్చి, చూపదలచిన రెండు వస్తువులు వేరుగా కనబడునట్లు చేయవలెను. అట్లు చేసిన సంగతిని పటము క్రింద ఒక్క పంక్తిలో తెలుపవలెను. శాస్త్రజ్ఞుడు కొలతతోపాటు కొలిచిన విధానమును వ్రాయును గదా. ఫోటోకును ఆ నియమమే తగును.

పాఠశాల కంప్యూటరులో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఒక మందారపువ్వు, పచ్చని ఆకు, పసుపుకొమ్ము, ఇటుక ముక్క, నీలి సిరా పూసిన కాగితము వీనిని ఒకచోట నుంచి ఎండలో ఫోటో తీయుడు. కెమెరాగాని ఫోనుగాని రా ఫైలు నిచ్చునదైనచో దానిని డార్క్‌టేబుల్‌లోగాని రాథెరపీలోగాని తెరువుడు. లేనిచో జెపెగ్ అయినను చాలును. ఆ బొమ్మను ధర లేని గింప్ సాఫ్ట్‌వేరులోనికి తీసికొనుడు. దాని 2.10 కూర్పు నుండి రంగు తీయు ఆదేశములోనే ఐదు పద్ధతులు కనబడును: నిజవెలుగు, బరువుల మొత్తము, పెద్ద చిన్నల సగము, సగటు, మూడింటిలో పెద్దది. ఐదు బొమ్మలను వరుసగా నిలిపి, ప్రతి వస్తువు ఏ బొమ్మలో ఎంత వెలుగుగా నున్నదో పట్టిక వ్రాయుడు. తరువాత తరగతిని అడుగుడు: వీనిలో ఏది నిజము?

విద్యార్థులు మొదట ఒక్కొక్కరు ఒక్కొక్క బొమ్మను చూపుదురు. వాదన కొంత సాగనిండు. "ఏ పనికి?" అను ఎదురు ప్రశ్న వారి నుండియే వచ్చినపుడు పాఠము పూర్తియైనట్లు. ఆ ప్రశ్నను మీట అడుగదు. ఐదు పద్ధతులను ఒకే ఆదేశము క్రింద చూపి ఎన్నుకొనుమన్న గింప్‌ను ఈ ఒక్క విషయమున మెచ్చుకొనవలెను; ఎన్నిక యున్నదన్న సంగతినే దాచిపెట్టి, రంగు తీసితినని చెప్పు సాఫ్ట్‌వేరులు ఎంత ఖరీదైనవైనను ఈ విషయమున దాని వెనుకనే నిలుచును.